మాక్ ఎంత, సాధన ఎంత?

ఊర్జానగర్ చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కాలనీ. ఇక్కడ పన్నెండో తరగతి చదువుతూ లా వైపు చూసే తెలుగు పిల్లల ముందు మూడు పరీక్షలుంటాయి. నాగ్‌పూర్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా, హైదరాబాద్ నల్సార్‌లో చేరాలన్నా క్లాట్ రాయాలి. మహారాష్ట్రలోని మిగతా లా కాలేజీల్లో చాలావాటికి ఆ రాష్ట్ర సెట్. సరిహద్దు దాటి తెలంగాణలోని ఇతర లా కాలేజీలకు వెళ్తే లాసెట్. దేనికి సిద్ధమవుతున్నా ఇంట్లో వచ్చే చర్చ ఒకటే. మాక్ టెస్టులు (అసలు పరీక్షలాగే గడియారం పెట్టుకుని రాసే పూర్తి పేపర్లు) ఎన్ని రాయాలి? డ్రిల్ (ఒకే రకం ప్రశ్నలను వరుసగా చేసే సాధన) ఎంత చేయాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు బరువెక్కడానికి కారణముంది. 2019 దాకా క్లాట్‌లో 200 చిన్న ప్రశ్నలుండేవి. కంఠతా పట్టినది చాలావరకు పనికొచ్చేది. 2020 నుంచి ప్రశ్నలు ప్యాసేజీల కింద వస్తున్నాయి. 2024 పేపర్ నుంచి 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. నిమిషానికొకటి అనిపిస్తుంది కానీ, చదివే సమయం కూడా అందులోదే.

డ్రిల్ చేస్తుంటే చేయి తిరిగినట్టుంటుంది. ఆ నమ్మకంలో కొంత భ్రమ కలిసి ఉంటుంది. అమెరికా పరిశోధకులు రోరర్, టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు ఘనపరిమాణం లెక్కలు ఇచ్చారు. కొందరు ఒక్కో రకాన్ని విడిగా చేశారు. కొందరు అన్ని రకాలూ కలిపి చేశారు. సాధన వేళ విడిగా చేసినవారికి 89 శాతం, కలిపి చేసినవారికి 60 శాతం సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే విడిగా చేసినవారు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవారు 63 దగ్గర నిలిచారు. ఒకే రకం వరుసగా చేసేటప్పుడు ఏ సూత్రం వాడాలో ఆలోచించే పని ఉండదు. పరీక్షలో సగం కష్టం ఆ ఎంపికలోనే ఉంది. మాక్ ఆ ఎంపికను నేర్పుతుంది.

అలాగని రోజుకో మాక్ రాస్తే సరిపోదు. ఎందుకో ఒక ప్రశ్న దగ్గర ఆగి చూద్దాం.

ఇంగ్లండ్‌లో ఒకాయన తన అవసరానికి జలాశయం కట్టించాడు. ఆ నీళ్లు పాత సొరంగాల గుండా పక్కవాడి బొగ్గు గనిని ముంచేశాయి. 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది: ప్రమాదకరమైనదాన్ని తన స్థలంలో పోగుచేసుకున్నవాడు, అది బయటపడి నష్టం చేస్తే, తన అజాగ్రత్త లేకపోయినా పరిహారం చెల్లించాలి. ఇది కఠిన బాధ్యత (తప్పు రుజువు కాకపోయినా తగిలే బాధ్యత). దీనికి మినహాయింపులున్నాయి. ప్రకృతి విపత్తు వాటిలో ఒకటి. 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం వాయువు లీకు కేసులో మన సుప్రీంకోర్టు ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులు చెల్లవంది. అది సంపూర్ణ బాధ్యత.

ఇప్పుడు ప్యాసేజీలో ఈ రెండూ ఉన్నాయనుకుందాం. ప్రశ్న: భూకంపం వచ్చి విషవాయువు ఫ్యాక్టరీలో ట్యాంకు పగిలింది, యజమాని బాధ్యుడా? ముగ్గురు విద్యార్థులు ‘కాదు’ అని గుర్తుపెట్టారు. ఒకరికి రెండు సూత్రాల తేడా తెలియదు. రెండోవారికి తెలుసు, టైమ్ తరుముతుంటే ప్యాసేజీ చివరి వాక్యాలు వదిలేశారు. మూడోవారు అంతా చదివారు, ‘విషవాయువు’ అన్న మాట మీద దృష్టి నిలవలేదు. మార్కుల షీటులో ముగ్గురిదీ ఒకటే తప్పు. చికిత్స మాత్రం వేరు. మొదటివారు మళ్లీ మాక్ రాస్తే మళ్లీ అదే తప్పు చేస్తారు. గడియారం పక్కన పెట్టి ఆ సూత్రం మీద పదిహేను ప్రశ్నలు చేయాలి. రెండోవారికి ఆ డ్రిల్ దండగ. టైమ్ పెట్టుకుని ఒక్కో విభాగం రాయాలి. మూడోవారు సూత్రం వర్తించే మాటల కింద గీత గీసుకుంటూ చదవడం అలవాటు చేసుకోవాలి.

కాబట్టి మాక్ రాసిన రెండు గంటల కంటే ఆ తర్వాత తప్పులతో కూర్చున్న రెండు గంటలే విలువైనవని నా అభిప్రాయం. ప్రతి తప్పు పక్కన కారణం రాసుకోవాలి. వారం డ్రిల్ ఆ కారణాల్లోంచే రావాలి. మొదటి నెలల్లో పక్షానికొక మాక్ చాలు. పునాది కుదిరాక వారానికొకటి, చివరి నెలలో వారానికి రెండు. తప్పులు చూసుకునే తీరిక లేకపోతే ఆ వారం మాక్ మానేయడమే మేలు.

ఏ పరీక్షకు ఆ పరీక్ష మాక్ టెస్టే రాయాలి. క్లాట్‌లో తప్పుకు పావు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో రెండింటిని కొట్టేయగలిగితే ఊహించి పెట్టడం సగటున లాభమే. ఏమీ కొట్టేయలేకపోతే ఆ లాభం నామమాత్రం. ఆ నిమిషం వేరే ప్రశ్నకు ఇవ్వవచ్చు. మహారాష్ట్ర సెట్‌లో, లాసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. క్లాట్ డిసెంబరులో అయిపోతుంది, మిగతా రెండూ వేసవిలో వస్తాయి. మధ్యలో వచ్చే నెలల్లో కొత్త వేగానికి అలవాటు పడకుండా క్లాట్ మాకులే రాస్తూ పోయిన విద్యార్థి, ఖాళీగా వదలనక్కర్లేని ప్రశ్నలను కూడా పాత భయంతో వదిలేసి వస్తాడు.