పిల్లవాడు ఒళ్ళు చేశాడు!

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. వైద్యం నా విద్య కాదు. అయినా మా మేనల్లుడి విషయంలో నేర్చుకున్న పాఠం నలుగురికీ పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

వాడికి 16వ ఏట బైపోలార్ జబ్బు బయటపడింది. రెండు నెలలు గదిలోంచి కదలనివాడు, ఉన్నట్టుండి వారం రోజులు నిద్ర లేకుండా, లోకాన్ని ఏలబోతున్నట్టు మాట్లాడాడు. డాక్టరుగారు ఓలాంజపిన్ బిళ్ళలు రాశారు. కొద్ది రోజుల్లోనే కంటికి కునుకు వచ్చింది, మాట కుదుటపడింది. దేవుడు చల్లగా చూశాడనుకున్నాం.

తరవాత ఆకలి మొదలైంది. ఏడింటికి భోంచేసినవాడు తొమ్మిదింటికి మళ్ళీ వంటింట్లోకి వచ్చేవాడు. మా అక్కయ్య మురిసిపోయి నెయ్యి వేసి మరీ పెట్టింది. "పిల్లవాడు ఒళ్ళు చేశాడే!" అని నేనూ మెచ్చుకున్నాను. మన ఇళ్ళలో అది దీవెన కదా! 4 నెలల్లో 11 కిలోలు పెరిగాడు. తోటివాళ్ళు తనకు పెట్టిన పేరు మాకెవరికీ చెప్పలేదు. ఒకనాడు మల్లె కుండీలో బిళ్ళలు కనిపించాయి. మూడు వారాలుగా వాడు మందు మింగడమే లేదు! నెల తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది.

అప్పుడు డాక్టరుగారు కూచోబెట్టి చెప్పారు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైన ఈ జాతి మందుల్లో పాతవి ఎక్కువగా వణుకూ, కండరాల బిగువూ తెచ్చేవి. కొత్తవాటిలో అది తగ్గింది. కాని కొన్ని మందులు, కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందనివ్వవు. బరువూ, రక్తంలో చక్కెరా, కొవ్వూ పెరగవచ్చు. పెద్దలకన్నా ఎదిగే పిల్లల్లో ఈ బరువు బెడద ఎక్కువ. రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతుంది. దానివల్ల ఆడపిల్లలకు నెలసరి తప్పవచ్చు, మగపిల్లలకు రొమ్ములు ఉబ్బవచ్చు. పిల్లలు సిగ్గుపడి ఇవి చెప్పరు.

2004లో అమెరికాలో మధుమేహ వైద్యులూ, మానసిక వైద్యులూ కలిసి ఒక పద్ధతి ఏర్పరచారు. మందు మొదలుపెట్టేముందు బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపున చక్కెర, కొవ్వు చూడాలి. 4, 8, 12 వారాలకు బరువు తూచాలి. 12 వారాలకు రక్తపరీక్ష మళ్ళీ చేయాలి. మా ఇంట ఆ లెక్క ఎవరమూ పట్టలేదు.

మందు మార్చి అరిపిప్రజోల్ ఇచ్చారు. బరువు పెరగడం ఆగింది. కాని వాడు కూచున్నచోట కూచోలేడు, నించున్నచోట నించోలేడు. "పరీక్షల భయం," అంది అక్కయ్య.

"భయం కాదు మావయ్యా, కాళ్ళు నన్ను కూచోనివ్వడం లేదు," అన్నాడు వాడు.

ఈసారి విన్నాను. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. అదీ మందు గుణమేనట, అకతీసియా అంటారట. మోతాదు తగ్గించారు, సర్దుకుంది.

ఇదంతా చదివి మందంటే హడలిపోకండి. మందు మానితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణి. మార్చాలన్నా, తగ్గించాలన్నా ఆ పని డాక్టరుదే. కనిపెట్టి చెప్పవలసిన పని మాత్రం మనది.

వాడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వంటింటి తలుపు వెనక వాడి బరువు కాగితం వేలాడుతూ వుంటుంది. లావయ్యావనీ, చిక్కావనీ అనడం నేను మానేశాను. "మందు ఎలా పడుతోందిరా?" అని మాత్రం అడుగుతాను. వాడు చెబుతాడు.