పోలిక వేరు, చుట్టరికం వేరు

రెండు జంతువుల అవయవాలు ఒకదాన్నొకటి పోలి ఉంటే అందుకు ముఖ్యంగా రెండు కారణాలు ఉండవచ్చు. ఆ అవయవం రెండింటికీ ఒకే పూర్వీకుల నుంచి సంక్రమించి ఉండాలి. లేదా, వేర్వేరు వంశాల జీవులు ఒకే అవసరం కోసం ఒకేలాంటి అమరికను విడివిడిగా సంతరించుకుని ఉండాలి. మొదటి రకాన్ని నిర్మాణ సామ్య అవయవాలని, రెండో రకాన్ని క్రియాసామ్య అవయవాలని అంటారు. ఏ జంతువు దేనికి చుట్టమో తేల్చాలంటే ముందుగా తెలియాల్సింది ఈ తేడాయే.

నిర్మాణ సామ్యానికి చక్కని ఉదాహరణ వెన్నెముక ఉన్న జంతువుల ముందరి అవయవం. మనిషి చేతిలో భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఎముక, అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు, మణికట్టులో చిన్న ఎముకల గుంపు, ఆ తర్వాత అరచేయి, వేళ్ల ఎముకలు ఉంటాయి. తిమింగలం ఈదే తెడ్డు లోపల చూసినా ఇదే వరుస. కాకపోతే పై ఎముక పొట్టిదై లావెక్కింది, వేళ్లలో ఎముకల సంఖ్య పెరిగింది. గబ్బిలంలో నాలుగు వేళ్లు బాగా సాగి, వాటి మధ్య పల్చని చర్మం పరుచుకుంది. బొటనవేలు మాత్రం గోరుతో విడిగా ఉండిపోయింది. పక్షి రెక్కలో మూడు వేళ్లే మిగిలాయి, వాటి ఎముకలు కొన్ని అతుక్కుపోయాయి. గుర్రం ఒక్కో కాలికి ఒక్క నడిమి వేలి మీదే పరుగెడుతుంది. ఆ వేలి గోరే గిట్ట. పట్టుకోవడం, ఈదడం, ఎగరడం, పరుగెత్తడం అన్నీ వేర్వేరు పనులే. అయినా ఎముకల వరుస మారలేదంటే అది వారసత్వంగా వచ్చిందే. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో 2004లో దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటిది. దాని వాజాల్లో అప్పటికే ఒక ఎముక, దాని వెనుక రెండు, ఆపై మణికట్టు లాంటి కీలు ఉన్నాయి.

క్రియాసామ్యంలో పని ఒకటే, పుట్టుక వేరు. పక్షి రెక్కలాగే ఎగరడానికి పనికొచ్చే సీతాకోకచిలుక రెక్కలో ఎముకే ఉండదు. అది కైటిన్ పొర. సొరచేప, డాల్ఫిన్ రెండూ నీటిని సులువుగా చీల్చుకుపోయే ఒకే ఆకారంలో ఉంటాయి. అయితే సొరచేప మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, తోకను పక్కలకు ఊపుతుంది. డాల్ఫిన్ ఊపిరితిత్తులతో గాలి పీల్చుకుంటుంది, పిల్లలకు పాలిస్తుంది, తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది. నేల మీద పరుగెత్తే క్షీరదాల వెన్ను వంగేది కూడా పైకీ కిందికే. ఆక్టోపస్ కన్నూ మన కన్నూ కెమెరాలా పనిచేసేవే. మన కంటిలో నాడీ తంతువులు నేత్రపటలం ముందు నుంచి వచ్చి, దాన్ని చీల్చుకుని వెనక్కి పోతాయి కనుక అక్కడ అంధచుక్క ఏర్పడింది. ఆక్టోపస్‌లో అవి వెనుక నుంచే బయలుదేరుతాయి, దానికి అంధచుక్క లేదు. ఇలా వేరు దారుల్లో వచ్చి ఒకే రూపానికి చేరడాన్ని అభిసారి పరిణామం అంటారు.

ఒకే అవయవం రెండు కోవలకూ చెందవచ్చు. గబ్బిలం రెక్క, పక్షి రెక్క ముందరి అవయవాలుగా నిర్మాణ సామ్యం ఉన్నవి. రెక్కలుగా మాత్రం క్రియాసామ్యం ఉన్నవే. ఎందుకంటే ఆ రెండింటి ఉమ్మడి పూర్వీకులకు కాళ్లే తప్ప రెక్కలు లేవు.

నిర్మాణ సామ్యానికీ క్రియాసామ్యానికీ మధ్య గీత గీసి 1843లో స్పష్టమైన నిర్వచనాలిచ్చినవారు బ్రిటన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. నిర్మాణ సామ్యానికి మూలం ఒక ఆదర్శ నమూనా అని ఆయన భావించారు. ఆ మూలం నిజంగా జీవించిన పూర్వీకులేనని 1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథంలో వివరించారు.

అవయవం శరీరంలో ఎక్కడ ఉంది, పిండంలో దేని నుంచి రూపుదిద్దుకుంది, శిలాజాలు ఏం చెబుతున్నాయి, జన్యువులు ఏం చెబుతున్నాయి అన్నవే ఒక పోలిక ఏ కోవకు చెందుతుందో తేల్చే గీటురాళ్లు. మన మధ్య చెవిలోని మూడు బుల్లి ఎముకల్లో రెండు, సరీసృపాల దవడ కీలులోని ఎముకలతో నిర్మాణ సామ్యం ఉన్నవని జర్మన్ శాస్త్రవేత్త రైకర్ట్ 1837లోనే పిండాల పరిశీలనతో చూపారు. దవడ నుంచి చెవికి ఆ ఎముకలు జరిగిన క్రమం తర్వాత శిలాజాల్లోనూ బయటపడింది.

పైరూపాన్ని నమ్మితే ఎంత పొరపాటు జరుగుతుందో తిమింగలమే సాక్ష్యం. వర్గీకరణ శాస్త్ర పితామహుడు లిన్నేయస్ కూడా మొదట దాన్ని చేపల్లోనే చేర్చి, 1758 నాటి ముద్రణలో క్షీరదాల్లోకి మార్చారు. దాని అసలు బంధువుల జాడ మన దేశపు రాళ్లలోనూ దొరికింది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన శిలాజాల్లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువు ఉంది. దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఆ జంతువు చెవి ఎముక లోపలి గోడ, తిమింగలాల్లో మాదిరిగానే బాగా మందంగా ఉందని శిలాజ శాస్త్రవేత్త థెవిసెన్ బృందం 2007లో ప్రకటించింది. ఇప్పుడు జీవించి ఉన్నవాటిలో తిమింగలానికి అత్యంత దగ్గరి చుట్టం నీటిగుర్రమని జన్యు పరీక్షలు తేల్చాయి. ఆకారం జంతువు బతుకుతెరువును చెబుతుంది; దాని వంశాన్ని చెప్పేది లోపలి నిర్మాణమే.