మండలమా? గోళమా?

పిల్లలూ! అమ్మ పెనం మీద పోసే దోసె ఎలా ఉంటుంది? గుండ్రంగా ఉంటుంది. మీరు ఆడుకునే బంతి? అదీ గుండ్రంగానే ఉంటుంది. రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం. కాని దోసె పలచని బిళ్ళ, బంతి గోళం. రెండింటికీ ఎంత తేడా!

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. వేల ఏళ్ళ కిందట ఎవరో "భూమి గుండ్రంగా ఉంది" అని రాశారనుకోండి. ఆ రాసినాయన మనసులో ఉన్నది దోసా, బంతా? ఎలా తెలుసుకోవడం?

ఇది సరదా కోసం కల్పించిన ప్రశ్న కాదు. బైబిలులోని ఒక వాక్యం గురించి నిజంగానే ఈ ప్రశ్న వచ్చింది. యెషయా గ్రంథం 40వ అధ్యాయం, 22వ వచనంలో దేవుడు భూమికి పైన ఆసీనుడై ఉన్నాడనే వర్ణన ఉంది. ఈ అధ్యాయం క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. మూలం హీబ్రూ భాషలో ఉంది. అక్కడ భూమితో జతపరచిన మాట "హూగ్".

ఈ చిన్న మాటను అనువాదకులు ఏం చేశారో చూడండి. 1611లో ఇంగ్లండులో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదంలో అది "సర్కిల్", అంటే వృత్తం. 18వ శతాబ్దంలో సవరించిన డూయే-రైమ్స్ అనువాదంలో "గ్లోబ్", అంటే గోళం. మన తెలుగు బైబిలులో "భూమండలము". మండలమంటే వృత్తం, వలయం. మూలంలో ఉన్నది ఒకటే మాట. అనువాదాల్లో ఒకచోట దోసె అయింది, ఒకచోట బంతి అయింది! మరి ఏది సరైనది?

నిఘంటువులు రాసేవారు ఇలాంటి చిక్కును ఎలా విప్పుతారో తెలుసా? ఒక్క వాక్యాన్ని చూసి అర్థం తేల్చరు. "తీగ తెగింది" అని ఎవరైనా అంటే మీకేం అర్థమవుతుంది? అది పొట్లతీగ కావచ్చు, వీణతీగ కావచ్చు, కరెంటు తీగ కావచ్చు. ముందూ వెనకా ఉన్న మాటలు వింటే గాని తెలియదు. అలాగే పాత మాట ఒకటి ఎక్కడెక్కడ వచ్చిందో వెతికి, ఆ చోట్లన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇందుకు పనికివచ్చే పుస్తకాన్ని పదానుక్రమణిక అంటారు. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ అనే అమెరికన్ పండితుడు బైబిలుకు పెద్ద పదానుక్రమణిక ప్రచురించాడు. అందులో మూలభాషల్లోని ఒక్కొక్క మాటకూ ఒక సంఖ్య ఇచ్చాడు. హూగ్ సంఖ్య 2329. హీబ్రూ రానివారు కూడా ఈ సంఖ్యను పట్టుకుని ఆ మాట జాడ తీయవచ్చు.

అలా జాడ తీస్తే హూగ్ మొత్తం 3 చోట్ల కనిపిస్తుంది. ఒకటి మనం చూసిన చోటు. రెండోది యోబు గ్రంథంలో ఆకాశం గురించి చెప్పిన చోటు. మూడోది సామెతల గ్రంథంలో, మహాజలాల మీద వలయం గీసినట్లు చెప్పిన చోటు. ఇక ఈ మాటకు చుట్టమైన మరో మాట అదే యెషయా గ్రంథం 44వ అధ్యాయంలో ఉంది. అది వడ్రంగి చేతిలోని ఒక పనిముట్టు పేరు. ఆ పనిముట్టు ఏమిటో తెలుసా? మీ జామెట్రీ పెట్టెలో ఉండే వృత్తలేఖిని!

వృత్తలేఖినితో మీరు ఏం గీస్తారు? వృత్తం గీస్తారు. దానితో బంతిని చేయలేరు కదా! కనుక హూగ్ అంటే గీసిన వలయం అనుకోవడానికే ఆధారం ఎక్కువ. మైదానం మధ్య నిలబడి చుట్టూ తిరిగి చూడండి. నేలా ఆకాశం కలిసే గీత వలయంలాగే కనిపిస్తుంది.

మరి ఒక అనువాదంలో గోళం ఎలా వచ్చింది? ఆ అనువాదకుల కాలానికి భూమి బంతిలా ఉంటుందని చదువుకున్నవారికి బాగా తెలుసు. తమకు తెలిసినదాన్ని పాత మాటలోనూ చూశారనిపిస్తుంది. ఇది ఎవరికైనా జరగగల పొరపాటే. అలాగని, ఆ వాక్యం రాసినవారు భూమి బల్లపరుపుగా ఉందని నమ్మారనీ ఈ ఒక్క మాటతో తేల్చలేం. వారు భూగోళపాఠం చెప్పడం లేదు, దేవుని గొప్పతనాన్ని కీర్తిస్తున్నారు. మాట ఒక్కటే సాక్ష్యానికి చాలదు.

అయితే ఏది సాక్ష్యం? కారణం చూపడం. గ్రీకు భాషలో బంతిని "స్ఫైరా" అనేవారు. హోమర్ రాసిన ఒడిస్సీ కావ్యంలో రాకుమారి తన చెలికత్తెలతో ఆడే బంతి పేరు కూడా అదే. ఆ తరువాత చాలా కాలానికి, క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ భూమిది గోళాకారమని వాదించాడు. ఊరికే మాట వాడి ఊరుకోలేదు. చంద్రగ్రహణంలో చంద్రుని మీద పడే భూమి నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుందని, ఉత్తరాన కనిపించని కొన్ని నక్షత్రాలు ఈజిప్టులో కనిపిస్తాయని చూపాడు.

మన "భూగోళం" అనే మాటకూ ఇదే పరీక్ష పెట్టాలి. అందులో గోళం ఉంది కాబట్టి పూర్వులందరికీ అన్నీ తెలుసు అనేస్తే సరిపోదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గోళపాదమనే భాగం ఉంది. అందులో ఆర్యభటుడు భూమిని కదంబ పుష్పంతో పోల్చాడు. ఆ పూబంతి నిండా అన్ని వైపులా రేకులున్నట్లే, భూమి చుట్టూ ప్రాణులు ఉన్నాయన్నాడు. చంద్రగ్రహణానికి కారణం భూమి నీడే అన్నాడు. భూమి వ్యాసం 1050 యోజనాలని లెక్క కూడా ఇచ్చాడు. ఇక్కడ దోసా, బంతా అన్న సందేహానికి తావే లేదు!

మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. చీకటి గదిలో టార్చిలైటు వెలిగించి, గోడ మీద కంచం నీడ పడేటట్లు పట్టుకోండి. నీడ గుండ్రంగా ఉంటుంది. కంచాన్ని మెల్లగా పక్కకు తిప్పండి. నీడ కోలగా మారి, చివరకు సన్నని గీత అవుతుంది. ఇప్పుడు కంచం బదులు బంతిని పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పండి. నీడ గుండ్రంగానే ఉంటుంది!

ఇకమీదట పాత పుస్తకంలో ఒక గొప్ప మాట కనిపిస్తే, అది ఏ దేశపు పుస్తకమైనా సరే, రెండు ప్రశ్నలు వేయండి. ఈ మాట ఇంకా ఎక్కడెక్కడ వచ్చింది? రాసినవారు కారణం చూపారా? ఈ రెండు ప్రశ్నలూ అడగడం అలవాటైతే, మీరు మంచి పాఠకులే కాదు, మంచి శాస్త్రజ్ఞులు కూడా అవుతారు.