మీ పోర్ట్‌ఫోలియోలో ఓ చుక్కల గీత

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. ఒకే రైలు మార్గంలో ఉన్న ఊళ్లు. ఇక్కడ డిగ్రీయో బీటెక్కో చదివి, డిజైన్ ఉద్యోగం కోసం బెంగళూరు రైలెక్కేవాళ్లలో మీరూ ఉన్నారా? అయితే మీ పోర్ట్‌ఫోలియో ఓసారి తెరిచి చూసుకోండి. ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, కాఫీ షాపు లోగో, మ్యూజిక్ ప్లేయర్ స్క్రీన్.. అంతేనా? ఇంటర్వ్యూ గది బయట మీ పక్కన కూర్చున్నవాళ్ల ఫైల్లోనూ అవే ఉంటాయి. ఎవరూ అడక్కుండా, జనానికి పనికొచ్చేలా సొంతంగా చేసిన ప్రాజెక్టు ఒక్కటుంటే మాట్లాడటానికి సరుకు దొరుకుతుంది. అలాంటి పని ఎలా ఉంటుందో కొవిడ్ కాలం చూపించింది.

2020 మొదట్లో ప్రపంచమంతా తిరిగిన గ్రాఫ్ గుర్తుందా? నిటారుగా లేచిన ఓ కొండ, దాని పక్కన పరుచుకున్న ఓ దిబ్బ, అడ్డంగా చుక్కల గీత. దాని మూలం అమెరికా సీడీసీ 2007లో ఫ్లూ మహమ్మారి కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. 2020 ఫిబ్రవరి చివర్లో ‘ది ఎకనమిస్ట్’లో డేటా జర్నలిస్టు రోసమండ్ పియర్స్ దాన్ని తేటగా మళ్లీ గీశారు. అది చూసిన ఫిలడెల్ఫియా ప్రజారోగ్య నిపుణుడు డ్రూ హ్యారిస్ చుక్కల గీత చేర్చి ట్విటర్‌లో పెట్టారు. ఆ గీత అంటే ఆసుపత్రుల సామర్థ్యం. అది లేనప్పుడు ‘ఎలాగూ వచ్చే జబ్బు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే ఏం లాభం?’ అనే అనుమానం మిగిలిపోయేది. గీత పడగానే జవాబు దొరికింది: మంచం దొరుకుతుంది, ఆక్సిజన్ దొరుకుతుంది.

మార్చి 9న న్యూజిలాండ్‌లో మైక్రోబయాలజిస్టు సూక్సీ వైల్స్, కార్టూనిస్టు టోబీ మోరిస్ దాన్ని కదిలే బొమ్మగా మార్చారు. కొండ పక్కన పట్టించుకోని మనిషి, దిబ్బ పక్కన జాగ్రత్తపడే మనిషి. గ్రాఫ్ చదవడం రానివాళ్లకూ అర్థమైంది. ఎవరైనా అనువదించుకునేలా, మార్చుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వదిలారు. నా దృష్టిలో బొమ్మ ఎంత ముఖ్యమో ఆ నిర్ణయం అంత ముఖ్యం.

బ్రిస్బేన్‌లోని వైరాలజిస్టు ఇయాన్ మెకే అసలు డిజైనరే కారు. చిల్లులున్న స్విస్ చీజ్ ముక్కల్ని వరుసగా నిలబెట్టి.. మాస్కు, దూరం, గాలి వెలుతురు, టీకా, ఏ ఒక్కటీ పూర్తి రక్షణ కాదనీ, అన్నీ కలిస్తే ఆగుతుందనీ చూపించారు. 2020 అక్టోబరులో మొదటి బొమ్మ పెట్టాక జనం తప్పులు చెబుతుంటే దిద్దుతూ వెర్షన్ నంబర్లు వేశారు. చీజ్‌ను కొరికే ‘తప్పుడు సమాచారం’ ఎలుక సహచరి కేథరిన్ ఆర్డెన్ ఆలోచన.

చీజ్ బదులు బొంత

అదే బొమ్మను తెలుగు అక్షరాలు పెట్టి మన దగ్గర చూపిస్తే? చిల్లుల చీజ్ ఎంతమంది చూసుంటారు? నేనైతే బొంత గీస్తాను. ఒక్కో పాత చీరకీ చిరుగులుంటాయి. పొరలు పొరలుగా కుట్టేసరికి చలి లోపలికి రాదు. (ధర్మవరం పట్టుచీరలతో ఎవరూ బొంత కుట్టరనుకోండి, అది వేరే సంగతి.)

ఇక్కడే మీకో అవకాశం ఉంది. 2020 ఏప్రిల్‌లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో హిందూపురం హాట్‌స్పాట్. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే ఊరు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి బాణం గుర్తులు, దశల వరుస అన్నీ తిప్పాలి. ఒకే గ్రాఫిక్ మూడు భాషల్లో చేసి చూపిస్తే, లేఔట్ మీద మీ పట్టు గురించి వేరే చెప్పుకోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ లేదని ఆగకండి. ఇంక్‌స్కేప్ ఉచితం. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర శీర్షికలకు, మండలి చిన్న అక్షరాలకు బాగుంటాయి. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోండి. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి, వరుసల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ చోటు వదలండి.

టాపిక్ కోసం మళ్లీ మహమ్మారి రావాలా ఏంటి! మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పళ్లపై మచ్చలు, ముదిరితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం. చాలామంది ‘కాచి తాగుతున్నాం కదా’ అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత కాస్త పెరుగుతుంది కూడా. ఈ ఒక్క ముక్కను ఫోన్ స్క్రీన్‌లో పట్టే బొమ్మగా చెప్పగలరా?

గీశాక పీహెచ్‌సీ డాక్టరుకు చూపించకుండా బయటకు వదలొద్దు. తేదీ, సమాచారం ఎక్కడిదో బొమ్మ లోపలే రాయండి. వాట్సాప్‌లో క్యాప్షన్ ఊడిపోవచ్చు, బొమ్మ మాత్రం ఏళ్ల తరబడి తిరుగుతుంది. తప్పు గ్రాఫిక్‌ను వెనక్కి పిలవలేం.

తర్వాత ధర్మవరంలో మగ్గం మీదున్న ఒకరికి, పెనుకొండ ఆటోస్టాండులో ఒకరికి, ఇంట్లో అవ్వకి చూపించండి. ‘ఇందులో ఏం చెప్పారు?’ అని అడిగి ఊరుకోండి, మీరు వివరించొద్దు. వాళ్లు వేరేగా చెబితే ఫైలు పేరు చివర 2 అని పెట్టి మళ్లీ మొదలెట్టండి. ఇంటర్వ్యూకు అన్ని వెర్షన్లూ తీసుకెళ్లండి. మొదటిది ఎందుకు మార్చారనే అడుగుతారు.