పేపర్లో పడిందల్లా వార్త కాదు!
ఎన్నికల వేళ సొమ్ముకు అచ్చయ్యే రాతలతో ఓటర్లు మోసపోతున్న వైనం

ఎన్నికలు వచ్చాయంటే పల్లెల్లో పత్రికకు గిరాకీ పెరుగుతుంది. టీకొట్టు బల్లమీద ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చెవి ఒగ్గి వింటారు. "పేపర్లో పడింది" అంటే ఇక తిరుగులేదని జనం నమ్మకం. ఆ నమ్మకాన్నే కొందరు అమ్మకానికి పెట్టారు.

2009 ఎన్నికల్లో ఈ వ్యవహారం హద్దు మీరింది. ఒకే పేజీలో ఒక అభ్యర్థికి "గెలుపు ఖాయం" అని, పక్కనే అతని ప్రత్యర్థికీ "విజయం తథ్యం" అని వార్తలు వచ్చాయి. ఒక్క సీటుకు ఇద్దరు ఎలా గెలుస్తారు? ఇద్దరూ డబ్బు కట్టారు, అంతే.

ఆ ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే జరిపింది. ప్రెస్ కౌన్సిల్ కూడా పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాసరెడ్డిలతో ఉపసంఘం వేసింది. వారు పత్రికల పేర్లతో సహా 2010లో నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ మాత్రం పేర్లు లేని క్లుప్త నివేదికనే ముందుగా విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ పూర్తి పాఠం జనానికి అందలేదు.

ప్రకటన వేస్తే "ప్రకటన" అని అచ్చువేయాలి. ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపాలి. ఖర్చుకు చట్టం పరిమితి విధించింది. అదే వార్త రూపంలో వస్తే లెక్కా ఉండదు, రశీదూ ఉండదు. పైగా జనం నమ్ముతారు. చాలీచాలని లైన్ అకౌంటు మీద బతికే గ్రామ విలేఖరికే ప్రకటనల వసూలు కూడా అప్పగిస్తే, వార్తకూ వ్యాపారానికీ మధ్య గట్టు తెగిపోతుంది. డబ్బు లేని అభ్యర్థి కాలినడకన ఊరూరా తిరిగినా అతని పేరు పత్రికలో కనపడదు.

ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్ 2007 ఎన్నికల్లో ఇలాంటి వార్తల ఖర్చును లెక్కలో చూపలేదు. పోటీచేసి ఓడిన అభ్యర్థి ఫిర్యాదు చేశారు. 2011 అక్టోబరులో ఎన్నికల కమిషన్ ఆమెను 3 ఏళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. ఒక ఫిర్యాదుకు ఎంత బలముందో దీనివల్ల తేలింది.

ఇటువంటి రాతలను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మొదటి నుంచి చివరిదాకా పొగడ్తే ఉంటుంది. ఊళ్లో తాగునీటి ఎద్దడి గురించి, రోడ్ల గుంతల గురించి ఒక్క ముక్క ఉండదు. అవే మాటలు రెండు మూడు పత్రికల్లో పొల్లుపోకుండా కనిపిస్తాయి.

అనుమానం వస్తే ఆ కాగితం పొట్లం కట్టడానికి వాడక దాచిపెట్టాలి. ఎన్నికల సమయంలో జిల్లా స్థాయిలో మీడియా పర్యవేక్షణ కమిటీ పనిచేస్తుంది. అది డబ్బుకు వేసిన వార్తేనని నిర్ధారణ అయితే, ప్రకటన రేటు ప్రకారం ఖర్చును అభ్యర్థి లెక్కలో కలుపుతారు.

పత్రిక కొనేది పాఠకుడు, ఓటు వేసేదీ అతడే. కనుక చదివిన ప్రతి వార్తనూ ఒకటికి రెండుసార్లు తరచి చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.