బ్యాంకులో దాచిన సొమ్ము, బ్యాంకు షేరులో పెట్టిన సొమ్ము



ఈ మధ్య కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు, ప్రార్థన ముగిసి టీ గ్లాసులు వచ్చే వేళకు ఒక ప్రశ్న తరచుగా మా ముందుకు వస్తున్నది. "అయ్యగారూ, ఫిక్సుడు డిపాజిట్టు వడ్డీ ఇంటి ఖర్చుకు చాలడం లేదు. అదే బ్యాంకు షేర్లు కొంటే ఏటా డివిడెండు వస్తుందట, షేరు వెల కూడ పెరుగుతుందట. బ్యాంకే గదా, భయమేముంది?" అని. అడిగేవారు జూదరులు కారు. రిటైరైన టీచర్లు, గల్ఫు నుండి కొడుకు పంపిన డబ్బును కాపాడే తల్లులు, రెండెకరాలు అమ్మి కూతురి పెండ్లికి దాచినవారు. గనుక ఈ ప్రశ్నకు నిదానముగా జవాబు చెప్పవలసియున్నది. ఫలానా షేరు కొనుమని చెప్పుట మా పని కాదు. ఆ ఆదాయము ఎక్కడ నుండి వస్తుందో, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పగలము.

డిపాజిట్టు చేసినవారు బ్యాంకునకు అప్పిచ్చినవారు. షేరు కొన్నవారు బ్యాంకులో వాటాదారులు. ఈ రెంటికి ఉన్న దూరము చాలామందికి తెలియదు. మీ ఊరిలో ఒకతను తన సొంతము 10 వేలు, ఇరుగుపొరుగు వారివి 90 వేలు కలిపి, వంద మందికి తలా వెయ్యి చొప్పున వడ్డీకి ఇచ్చాడనుకొనండి. అందులో పది మంది ఎగవేస్తే పోయినది 10 వేలే. కాని అది అతని సొంతము మొత్తము. ఇరుగుపొరుగు వారి సొమ్ము ఇంకా మిగిలియున్నది, అతనికి మాత్రము ఏమీ మిగలలేదు. బ్యాంకు షేరు కొన్నవారు ఆ 10 వేల స్థానములో నిలిచినవారే. పంట పోయి, వ్యాపారములు మూతపడి, అప్పులు తిరిగిరాని కాలములో మొదటి దెబ్బ తగిలేది వారికే.

మన తెలుగువారికి దీనికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. 1994లో హైదరాబాదులో ప్రారంభమైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును ఎందరో గొప్ప ఆశతో చూచినారు. షేర్ల వ్యాపారులకు మితిమీరి ఇచ్చిన అప్పులు ఆ బ్యాంకును కుంగదీసినవి. 2004 జూలై 24న ప్రభుత్వము దానిపై మారటోరియము విధించినది. మూడు వారములకే, ఆగస్టు 14న, దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపివేసినారు. డిపాజిట్టు చేసినవారికి తమ సొమ్ము దక్కినది. వాటాదారులకు ఒక్క రూపాయి కూడ రాలేదు. ఒకే బ్యాంకు, ఒకే పేరు, ఒకే భవనము. లోపల ఒక కౌంటరు వద్ద సొమ్ము పెట్టినవారు నిలిచినారు, దాని వాటాలు కొన్నవారు పడిపోయినారు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు విషయములోను అట్లే జరిగినది.

"అవి ప్రైవేటు బ్యాంకులు గదా, మేము స్టేట్ బ్యాంకునే నమ్ముకొంటాము" అనేవారున్నారు. మంచిది, ఆ లెక్కే చూద్దాము. 2017-18లో స్టేట్ బ్యాంకునకు 6,547 కోట్ల నష్టము వచ్చినది. ఆ సంవత్సరమునకు డివిడెండు లేదు. తరువాతి 2018-19కి లేదు, 2019-20కి లేదు. వరుసగా మూడు సంవత్సరములు! అటు తరువాత 2020-21కి షేరుకు 4 రూపాయలు, ఆపై ఏటా పెరుగుతూ 2024-25కి 15 రూపాయల 90 పైసలు ఇచ్చినారు. ఓపిక పట్టినవారికి మేలే జరిగినది, కాదనలేము. కాని ఆ డివిడెండుతోనే నెల నెలా బియ్యము, మందులు కొనవలసిన ఇల్లు అయితే, ఆ మూడు సంవత్సరములు ఏమి తినవలెను?

ఇక్కడ ఒక చిక్కు మాట కూడ ఉన్నది. డివిడెండును షేరు ముఖవిలువ మీద శాతముగా చెప్పుట ఒక అలవాటు. స్టేట్ బ్యాంకు షేరు ముఖవిలువ 1 రూపాయి. కాబట్టి 15.90 రూపాయలంటే 1,590 శాతము! ఈ అంకె విని కళ్లు తిరిగినవారిని మేము చూచినాము. అయితే 2025 మే నెలలో ఆ షేరు బజారులో సుమారు 800 రూపాయలు. లక్ష రూపాయలకు 125 షేర్లు వస్తాయి, వాటిపై డివిడెండు రెండు వేల కన్న కొంచెము తక్కువ. అదే నెలలో అదే బ్యాంకులో లక్ష రూపాయలు ఏడాదికి డిపాజిట్టు చేస్తే ఆరు వేలకు పైగా వడ్డీ. ఆదాయము కొరకే అయితే ఏది ఎక్కువో బడి పిల్లవాడు చెప్పగలడు. షేరు కొనేవారు నిజానికి ఆశపడేది వెల పెరుగుదలకే. ఆ వెల 2020 మే నెలలో 150 రూపాయల దరిదాపులకు పడిన సంగతి కూడ గుర్తుంచుకొనవలెను.

ఆ సంవత్సరమే ఏప్రిల్ 17న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చినది. కరోనా వలన ఎంత నష్టము వచ్చునో తెలియదు గనుక, 2019-20 లాభములలో నుండి ఏ బ్యాంకూ ఇక డివిడెండు ఇయ్యరాదని. బలమైన బ్యాంకులకును అదే మాట. అంటే, కాలము బాగులేనప్పుడు ఆదరువుగా ఉంటుందనుకొన్న ఆదాయము, సరిగ్గా కాలము బాగులేనప్పుడే ఆగినది. నాలుగు బ్యాంకుల షేర్లు కొని "విభజించి పెట్టినాము" అని ధైర్యపడేవారు ఇది గమనించవలెను. ఒకే చెరువు క్రింద నాలుగు మళ్లు ఉన్నంత మాత్రాన, చెరువు ఎండిననాడు ఏ మడి పండును?

వడ్డీ ఎక్కువ అని చెప్పి డిపాజిట్టును మరొక దానిలోనికి మార్పించేవారి విషయములో ఇంకా జాగ్రత్త కావలెను. 2020 మార్చిలో యెస్ బ్యాంకు చిక్కులో పడినప్పుడు, 8,415 కోట్ల రూపాయల ఏటీ-1 బాండ్లు రద్దయినవి. వాటిని కొన్నవారిలో, తమ ఫిక్సుడు డిపాజిట్టు తీసి అందులో పెట్టిన వృద్ధులు కూడ ఉన్నారు. "సూపర్ ఎఫ్‌డీ" అని చెప్పి అమ్మినట్లు సెబీ 2021లో తప్పు పట్టినది. ఆ వ్యవహారములు కోర్టుల వరకు వెళ్లినవి. పేరులో డిపాజిట్టు అని ఉన్నా, రసీదు మీద ఏమి వ్రాసియున్నదో చదువుకొన్న పిల్లల చేత చదివించుకొని సంతకము చేయుడి.

అట్లయితే షేర్లు కొననే కూడదా? మేము అట్లనుట లేదు. ఏడెనిమిది సంవత్సరముల వరకు ముట్టనక్కరలేని సొమ్ము, సగమైపోయినను ఇంటిలో పొయ్యి ఆరిపోని సొమ్ము ఉంటే, అందులో కొంత పెట్టుట తప్పు కాదు. పెండ్లికి దాచినది, ఆపరేషనుకు దాచినది, బంగారము కుదువబెట్టి తెచ్చినది మాత్రము అటు పోరాదు. సంఘ కట్టడపు నిధిని బ్యాంకు షేర్లలో పెడితే త్వరగా పెరుగునని ఒక కమిటీలో పెద్దలు ప్రతిపాదించగా మేము ఒప్పుకొనలేదు. ఆ సొమ్ములో కూలి చేసుకొనే విధవరాండ్ర కానుకలున్నవి.

నెలసరి ఆదరువు కావలసిన వృద్ధులకు పోస్టాఫీసులోను, బ్యాంకులలోను సీనియర్ సిటిజన్ పొదుపు పథకము కలదు. అరువది నిండినవారు 30 లక్షల వరకు పెట్టవచ్చును. వడ్డీ మూడు నెలలకొకసారి చేతికి వచ్చును. 2023 ఏప్రిల్‌లో ఆ రేటును 8.2 శాతముగా నిర్ణయించినారు. కొత్త ఖాతాలకు రేటు మారవచ్చును గాని, ఖాతా తెరచిన నాటి రేటు ఐదు సంవత్సరములు నిలుచును. బ్యాంకు డిపాజిట్టులకైతే 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా ఉన్నది, అసలు వడ్డీ కలిపి. షేర్లకు అట్టి బీమా లేదు.

ఇంకొక్క మాట. కొన్ని ఇండ్లలో ట్రంకుపెట్టె అడుగున పాత ఆంధ్రా బ్యాంకు షేరు కాగితములు నేటికీ ఉన్నవి. 1923లో మచిలీపట్నములో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చినారు. కాబట్టి ఆ కాగితములు చెత్త కావు. అయితే వరుసగా ఏడు సంవత్సరములు డివిడెండు తీసుకొనకపోతే, ఆ డబ్బు, దానితోపాటు షేర్లు కూడ ప్రభుత్వపు ఇన్వెస్టరు రక్షణ నిధికి చేరును. అక్కడ నుండి తిరిగి పొందుటకు దరఖాస్తు చేసుకొనవచ్చును. నాన్నగారి పేరున ఉన్నవాటికి ఆయన మరణ ధ్రువపత్రము, వారసుల పత్రములు సిద్ధము చేసికొని, ముందుగా యూనియన్ బ్యాంకు షేర్ల రిజిస్ట్రారుకు ఫోలియో నంబరుతో ఒక ఉత్తరము వ్రాయుడి.