చదువుతున్న పుటలో జేజి

పోయిన పెద్దలను తలచుకోవడానికి తెలుగు ఇళ్లలో ఏటా కొన్ని రోజులు ఏర్పాటై ఉన్నాయి. తద్దినం నాడో, మహాలయ అమావాస్య నాడో, సంక్రాంతికి పెద్దల పేర కొత్త బట్టలు పెట్టేటప్పుడో ఇంటిల్లిపాదీ పనిగట్టుకుని వారిని గుర్తు చేసుకుంటారు. అయితే ఆ రోజు పొడిగా ఉండిపోయిన కన్ను, మరో నెలకు పత్రిక తిరగేస్తున్నప్పుడో టీవీలో పాత సినిమా నడుస్తున్నప్పుడో ఉన్నట్టుండి చెమర్చడం చాలామందికి అనుభవమే. గుర్తు చేసుకోవాలని పూనుకోకుండానే సొంత జీవితంలోని ఒక ఘట్టం మనసులోకి వచ్చి నిలబడటాన్ని మనోవిజ్ఞానంలో అసంకల్పిత స్మృతి అంటారు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో జ్ఞాపకశక్తిపై వెలువరించిన ప్రయోగాత్మక గ్రంథంలోనే దీన్ని విడిగా పేర్కొన్నా, అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీపట్టి అవి ఎన్నాళ్లకు ఎంత మరపున పడతాయో కొలిచే పని మీదికే ఆయన దృష్టి పోవడంతో, తరువాతివారూ అదే దారి పట్టడంతో, పిలవని జ్ఞాపకం చాలాకాలం ప్రయోగశాల గడప బయటే ఉండిపోయింది.

దాన్ని లోపలికి రానిచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది డెన్మార్క్ పరిశోధకురాలు డార్తె బెర్న్‌ట్సెన్. ఆమె 1990లలో కొందరి చేతికి పుస్తకాలిచ్చి, ఇలాంటి జ్ఞాపకం తట్టిన ప్రతిసారీ అప్పుడేం చేస్తున్నారో, చుట్టూ ఏముందో రాసిపెట్టమంది. మనసు ఒక పనిపై గట్టిగా నిలవక, సగం పని మీద, సగం ఎటో ఉన్న వేళల్లోనే ఇవి ఎక్కువగా వస్తాయని, ఏ ఆధారమూ లేకుండా ఊడిపడినట్టు తోచినా వాటిలో అత్యధికం వెనుక చుట్టుపక్కల ఏదో ఒక ప్రేరణ కనబడుతుందని ఆ రాతల్లో తేలింది. గిద్దలూరు దగ్గరి కొమరోలు వంటి ఊళ్లో ఎండ దిగని మధ్యాహ్నం వసారాలో కూర్చుని, చదివిన పేపరునే మరోసారి తిరగేసే వేళ సరిగ్గా అటువంటిదే.

ఆ ప్రేరణకు తెలుగులో ఆనవాలు అనే మాట చక్కగా సరిపోతుంది. 1973లో ఎండెల్ టల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, అనుభవం మనసులో పడేటప్పుడు దానితో కలిసి పడిన వివరమే తరువాత దాన్ని బాగా లేపగలదు; ఎంత దగ్గరి వస్తువైనా, ఆనాటి ఆ ముడిలో లేకపోతే దాని పిలుపు అంతగా పనిచేయదు. నీటి అడుగున నేర్చిన పదాలు నీటి అడుగునే ఎక్కువగా గుర్తుకొచ్చాయని 1975లో గాడెన్, బ్యాడ్లీ డైవర్లపై చేసిన ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ, కాకపోతే ఇటీవల తిరిగి చేసి చూసినప్పుడు అదే ఫలితం రాలేదు గనుక దాన్ని కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. సూత్రం సారం మాత్రం రామాయణ శ్రోతలకు కొత్తది కాదు. సుందరకాండలో సీత హనుమంతునికి చూడామణి ఒక్కటే ఇచ్చి ఊరుకోక, రాముడికీ తనకూ మాత్రమే తెలిసిన కాకాసురుని ఉదంతాన్నీ ఆనవాలుగా చెప్పి పంపుతుంది. నగ ఎవరి చేతికైనా చిక్కవచ్చు గానీ, ఆ ఘట్టం మూడో మనిషి దగ్గర ఉండదు.

గోడమీది ఫొటో ఎందుకు మౌనంగా ఉంటుందో దీనితోపాటు మరో సూత్రం చెబుతుంది. ఒకే ఆనవాలుకు ఎన్ని ఎక్కువ జ్ఞాపకాలు ముడిపడితే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా లేపే బలం దానికి అంత తగ్గుతుంది. దండ వేసిన పటం కింద ఇరవై ఏళ్లుగా భోజనాలు, తగాదాలు, పరీక్షల చదువులు అన్నీ జరిగాయి కాబట్టి, అది అవ్వ కంటే ఆ గదినే ఎక్కువగా గుర్తు చేస్తుంది. పేపర్లో అరుదుగా తగిలే ఒక చిన్న మాటకు అటువంటి బరువు ఉండదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సజ్జలు ఆరోగ్య శీర్షికల్లోకి ఎక్కాయి. పట్నంలో ఉంటున్న మనవడు ఆ శీర్షిక చదువుతూ పోషక విలువల పట్టిక దాకా రాకముందే, పెనం మీద సజ్జరొట్టె అంచును వేళ్లతో అదిమి తిప్పే ముసలి చేయి అతనికి కనబడిందంటే వింతేమీ కాదు.

మాటల్లోనూ యాస మాటకు ఉన్న పదును వేరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. నల్లమలకూ వెలిగొండలకూ నడుమనున్న ఈ పట్టీలో రాయలసీమ పలుకుబడి ఇప్పటికీ వినిపిస్తుంది, నాయనమ్మను జేజి అనే ఇళ్లు ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో నాయనమ్మ అని వందసార్లు చదివినా కదలని పాఠకుడు, ఒక సీమ కథలో జేజి అన్న రెండక్షరాల దగ్గర ఆగిపోతాడు, ఎందుకంటే అతని బాల్యంలో ఆ మనిషి ఆ పిలుపుతోనే ముడిపడింది. మాటకూ తనదైన బలం ఉంటుందనడానికి మెదడు చిత్రణలోనూ ఆధారముంది. హెరాల్డ్ గుండెల్, మేరీ ఫ్రాన్సిస్ ఓకానర్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, దగ్గరివారిని పోగొట్టుకున్న 8 మంది స్త్రీలకు పోయినవారి ఫొటోలను, ఆ మరణం గురించి వారే చెప్పిన మాటలను చూపగా, ఫొటో వేరుగా, మాట వేరుగా మెదడును కదిలించాయి. సొంత జ్ఞాపకాలతో సంబంధమున్న వెనుకవైపు సింగ్యులేట్ భాగం రెండింటికీ స్పందించింది. ఎనిమిది మందితో అంతా తేల్చలేము గానీ, దిశ స్పష్టంగానే ఉంది.

రెండక్షరాల నుంచి మొత్తం మనిషి ఎలా లేచి వస్తుందన్నది హిప్పోక్యాంపస్ పని. కణతల లోతట్టున, రెండువైపులా ఒక్కొక్కటిగా, సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే ఈ భాగం జ్ఞాపకమంతటినీ తనలో దాచుకోదు; రూపం, గొంతు, వాసన మెదడు పైపొరలో వేర్వేరు చోట్ల ఉంటే, అవన్నీ ఒకే ఘట్టానివని ముడివేసి ఉంచుతుంది. ఒక కొస లాగితే ముడిలోని మిగతా కొసలూ కదలడాన్ని నమూనా పూరణ అంటారు. దీని సిద్ధాంతాన్ని డేవిడ్ మార్ 1971లోనే వివరించాడు.

చూసేవాటికి వస్తే, 1987 జనవరిలో దూరదర్శన్‌లో మొదలైన రామానంద్ సాగర్ రామాయణాన్ని హిందీ రాకపోయినా కథ తెలిసిన పెద్దలు ఆదివారం పొద్దున మనవలతో కలిసి చూశారు. అదే ధారావాహిక 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ తిరిగి ప్రసారమైనప్పుడు, ఆనాటి మనవలు తెరమీది రాముడితోపాటు పక్కన కూర్చున్నవారినీ చూసి ఉంటారు. ఇంకో విశేషమేమంటే, తాము పుట్టని కాలపు కళ కూడా ఈ పని చేస్తుంది. కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఇరవయ్యేళ్ల యువత తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతోనే గాక, తాతల తరంలోని 1960ల పాటలతోనూ సొంత జ్ఞాపకాలు ఉన్నాయని చెప్పారు. 1957 నాటి మాయాబజార్ నేటి కుర్రవాడికి తాత జ్ఞాపకం కావడానికి, తాత నవ్విన చోటల్లా అతనూ నవ్వి ఉండటం చాలు.

ఇలా వచ్చిన జ్ఞాపకం ఎంతవరకు నిజం అన్న ప్రశ్నకు మార్కాపురం పలక సాయపడుతుంది. అక్కడి గనుల రాయితో చేసిన పలకల మీద తెలుగునాట ఎందరో అక్షరాలు దిద్దారు. తడిగుడ్డతో తుడిచాక తేమ ఆరుతుండగా బలపపు పాత గీత మసకగా పైకి తేలడం వారందరికీ తెలుసు. ఫ్రాయిడ్ 1925లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, కాగితం మీది రాత నిలుస్తుంది గానీ చోటు చాలదని, పలక మీద చోటుంటుంది గానీ రాత నిలవదని, జ్ఞాపకం ఈ రెండింటిలో దేన్నీ పూర్తిగా పోలదని వివరించాడు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో, గుర్తు చేసుకోవడమంటే దాచినదాన్ని బయటికి తీయడం కాదని, ఉన్న తునకలతో మళ్లీ కట్టడమని చూపాడు. కరీం నాడెర్ బృందం 2000లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, తిరిగి తట్టిన భయపు జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడేలోపు మార్పుకు లోనవుతుందని తేలింది. మనుషుల్లో ఇది ఎంతమేరకు వర్తిస్తుందన్న వాదన ఇంకా నడుస్తూనే ఉన్నా, అవ్వ చెప్పిన బేతాళ కథలోకి చందమామ పత్రిక బొమ్మలోని చెట్టు, శవం వచ్చి చేరడానికి మార్గం అదే కావచ్చు.

పోయినవారి నుంచి మనసును క్రమంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని 1917లో ఫ్రాయిడ్ రాయగా, బంధం తెగకుండా రూపం మార్చుకుని కొనసాగడమూ ఆరోగ్యకరమేనని డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ 1996లో వాదించారు. ఈ రెండో మాటను మన ఆచారం ముందే పట్టుకున్నట్టుంది, పైగా ఆనవాలును ఎంచుకునే తెలివితో. పెద్దల పండగనాడు విస్తరిలో అందరికీ పెట్టే గారెలు, పాయసం ఉంటాయి. పటం ముందు మాత్రం పోయినవారికి ఇష్టమైనదేదో వేరుగా పెడతారు, అవ్వకైతే వక్కాకు, తాతకైతే బీడీకట్ట. ఊరంతా ఒకే రకం దండలు వేసిన పటాల మధ్య, ఏ బీడీకట్ట ఏ తాతదో ఆ ఇంటి మనవలకే తెలుసు.